మా వీధి గూర్ఖాకి మన దేశ పౌరసత్వం: ఎక్కడ మొదలెట్టాలి?

బరంపురం బట్టలకొట్టు · 2025 నవంబర్ 8, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఎప్పుడూ చదివి వెళ్లిపోయేవాణ్ని, ఈసారి అవసరం పడి రాస్తున్నా.

మాది ఒడిశాలో బరంపురం. నాన్న కాలం నుంచి పట్టుచీరల కొట్టు. మా వీధికి రాత్రి కాపలా కాసే గూర్ఖా 1996లో నేపాల్ నుంచి వచ్చాడు. అప్పటికి పంతొమ్మిదేళ్లవాడు. భార్యని కూడా తర్వాత తెచ్చుకున్నాడు, ఆవిడ ఇక్కడే పోయింది. ఒక్కతే కూతురు. 2001లో ఇక్కడి ఆసుపత్రిలోనే పుట్టింది, ఇక్కడే చదివింది, నర్సింగ్ పూర్తి చేసింది. మా అమ్మకి బీపీ చూసేది ఆ పిల్లే. మొన్న ప్రభుత్వ నర్సు పోస్టుకి ఫారం నింపుతూ "భారత పౌరులై ఉండాలి" అన్న గడి దగ్గర ఆగిపోయింది. ఇక్కడ పుట్టింది కదా, పౌరురాలే అనుకున్నాం ఇన్నాళ్లూ. నెట్ సెంటర్ కుర్రాడు కాదన్నాడు.

ఇప్పుడు తండ్రీ కూతుళ్లిద్దరికీ పౌరసత్వం కావాలంటే ఏం చేయాలి? ఎవరి దగ్గరికి వెళ్లాలి? బ్రోకరు ఒకడు మనిషికి నలభై వేలు అడుగుతున్నాడు.

మల్కనగిరి మెడికల్స్ · నవంబర్ 8, రాత్రి 10:40

నలభై వేలూ వద్దు ఏమీ వద్దు. సీఏఏ (2019 పౌరసత్వ సవరణ చట్టం) కింద వేసేయండి. మా దగ్గర ఎం.వి. (మల్కనగిరి విలేజ్) నంబర్లతో పిలిచే ఊళ్లలో బెంగాలీ వాళ్లు చాలామంది దాని గురించే తిరుగుతున్నారు. హిందువే కదా, అయిదేళ్లుంటే చాలు.

చత్రపురం ప్లీడర్ · నవంబర్ 8, రాత్రి 11:05

మెడికల్స్ గారూ, ఆగండి. సీఏఏ మూడు దేశాల నుంచి వచ్చినవాళ్లకే: పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్. అదీ 2014 డిసెంబర్ 31 లోపు వచ్చిన ఆరు మతాలవాళ్లకి. నేపాల్ అందులో లేదు. మీ ఎం.వి. ఊళ్లవాళ్లు దండకారణ్యం ప్రాజెక్టులో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు, వాళ్ల లెక్క వేరు.

బట్టలకొట్టు గారూ, ఆ అమ్మాయి సంగతి ముందు. ఇక్కడ పుడితే చాలు అన్న రోజులు 1987 జూలై 1తో పోయాయి. ఆ తేదీకి ముందు మన గడ్డ మీద పుట్టినవాళ్లు తల్లిదండ్రులు ఎవరైనా పౌరులే. ఆ తర్వాత పుట్టినవాళ్లకి తల్లో తండ్రో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబర్ 3 నుంచి ఇంకా బిగించారు. ఈ అమ్మాయి 2001, ఇద్దరూ నేపాలీలు. కాబట్టి నెట్ సెంటర్ కుర్రాడు చెప్పింది కరెక్టే.

ఇద్దరికీ దారి పౌరసత్వ చట్టం 1955లో సెక్షన్ 6. దీర్ఘకాలం ఉన్నవాళ్లు అడిగే పౌరసత్వం. షరతులు మూడో షెడ్యూల్లో ఉంటాయి. ముఖ్యమైనది నివాసం: దరఖాస్తుకి ముందు 12 నెలలు ఇక్కడే ఉండాలి, ఆ 12 నెలలకి ముందున్న 14 ఏళ్లలో కలిపి 11 ఏళ్లు ఉండాలి. మంచి నడవడి ఉండాలి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఒక భాష వచ్చి ఉండాలి. చివర్లో నేపాల్ పౌరసత్వం వదులుకోవాలి, రెండూ ఉంచుకోవడం కుదరదు.

బ్రోకరు సంగతి: దరఖాస్తు కేంద్ర హోంశాఖ సైట్లో మనమే నింపుకోవచ్చు. ప్రింటు, కాగితాలు కలెక్టరు ఆఫీసుకి ఇవ్వాలి. మన గంజాం జిల్లా కలెక్టరు ఉండేది బరంపురంలో కాదు, మా చత్రపురంలో. అక్కడి నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి ఢిల్లీకి. నలభై వేలిచ్చినా దారి ఇదే.

దుబాయ్ గంజాం · నవంబర్ 9, ఉదయం 6:18

మా ఆవిడ ఫిలిప్పీన్స్. నేను కూడా మొదట సెక్షన్ 6 అనుకునే నాలుగు నెలలు తిరిగాను. భారత పౌరుణ్ని పెళ్లి చేసుకుంటే అది సెక్షన్ 5, రిజిస్ట్రేషన్, ఏడేళ్లుంటే చాలు. ఫారం కూడా వేరే. ముందు ఏ సెక్షనో తేల్చుకోకుండా ఫారం నింపకండి, తప్పు ఫారం వేసి మేం మళ్లీ మొదటికొచ్చాం.

ఆ అమ్మాయికి మనవాళ్లలో ఎవరైనా సంబంధం చూస్తే పని తేలికవుతుందేమో :)

బరంపురం బట్టలకొట్టు · నవంబర్ 9, ఉదయం 8:02

దుబాయ్ బాబూ, ఉద్యోగం కోసం కాగితం అడుగుతున్న పిల్లకి కాగితం కోసం పెళ్లి చెయ్యమంటారా. ఈ మాట ఆ గుంట ముందు అంటే సూదితో పొడుస్తుంది.

ప్లీడర్ గారూ, చాలా థాంక్స్. భాష సంగతి టెన్షన్‌గా ఉంది. పిల్లకి ఒడియా, తెలుగు రెండూ రాయడం వచ్చు. తండ్రికి మాతో తెలుగు, పోలీసులతో ఒడియా, ఇంట్లో నేపాలీ. మాట్లాడతాడు గానీ చదవడం రాయడం నేపాలీలోనే.

చత్రపురం ప్లీడర్ · నవంబర్ 9, ఉదయం 9:30

నేపాలీ కూడా మన రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉంది. 1992లో కొంకణి, మణిపురితో పాటు చేర్చారు. కాబట్టి భాష ఆయనకి అసలు సమస్యే కాదు. ఫారంతో పాటు భాష తెలుసన్న సర్టిఫికెట్లు పెట్టాలి. ఒడియాకో తెలుగుకో పిల్ల చదివిన స్కూలు ఇస్తుంది. ఆయనకి తెలుగు మాట్లాడటం వచ్చని ఎవరైనా మాస్టారు రాసిచ్చినా పనికొస్తుందేమో కలెక్టరు ఆఫీసులో అడిగి చూడండి.

వీటితో పాటు ఆయన నడవడి గురించి ఇద్దరు భారత పౌరుల అఫిడవిట్లు, స్వయంగా ఇచ్చే అఫిడవిట్, జిల్లాలో తిరిగే పేపర్లో రెండు వేర్వేరు తేదీల్లో "నేను పౌరసత్వానికి దరఖాస్తు పెడుతున్నాను" అన్న ప్రకటన. ఆ పేపరు ముక్కలు కత్తిరించి జతచేయాలి.

జయపురం జంక్షన్ · నవంబర్ 9, ఉదయం 11:15

ఒక మాట అడుగుతా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. నేపాలీకి వీసా అక్కర్లేదు, ఉండటానికి ఎవడూ అడ్డు లేడు. 1950 ఒప్పందంతో వ్యాపారం చేసుకోవచ్చు. అలాంటప్పుడు పౌరసత్వం దేనికి? వచ్చిన ప్రతివాడికీ ఇచ్చుకుంటూ పోతే ఇక్కడివాళ్ల ఉద్యోగాలు ఏం కాను? ఇప్పటికే తెలుగువాళ్లం ఒడిశాలో మూలకి పడి ఉన్నాం.

పర్లాకిమిడి మాస్టారు · నవంబర్ 9, మధ్యాహ్నం 1:40

జంక్షన్ నాయనా, "ఇక్కడివాళ్లు" అనే మాట మనం కొంచెం మెల్లగా అనాలి. మా తాత ఇంటి గుమ్మం దాటలేదు. 1936 మార్చి దాకా మద్రాసు రాజధాని మనిషి, ఏప్రిల్ 1 నుంచి ఒడిశా మనిషి. నేటికీ నేను శ్రీకాకుళం వెళితే ఒడిశా మాస్టారంటారు, భువనేశ్వర్ వెళితే ఆంధ్రా మాస్టారంటారు. అయినా పాఠం చెప్పుకుని పింఛను తీసుకుంటున్నా.

ఇక పౌరసత్వం తీసుకున్న పరాయివాళ్ల సంగతి చెప్పమంటావా. జె.బి.ఎస్. హాల్డేన్ అని ఇంగ్లండు శాస్త్రవేత్త. 1961లో భారత పౌరుడయ్యాడు, మరుసటి ఏడాది భువనేశ్వర్ వచ్చి అక్కడే పనిచేసి 1964 డిసెంబర్ 1న పోయాడు. తన శవాన్ని ఎక్కడికి రాసిచ్చాడో తెలుసా? కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి. ఒడిశాలో బతికి, ఆంధ్రా పిల్లలకి పాఠమయ్యాడు. సెక్షన్ 6లోనే ఉంది: సైన్సు, తత్వం, కళ, సాహిత్యం, ప్రపంచశాంతి లాంటివాటికి విశిష్టసేవ చేసినవాళ్లకి షరతులు సడలించవచ్చని.

జయపురం జంక్షన్ · నవంబర్ 9, మధ్యాహ్నం 2:05

మాస్టారూ, గూర్ఖా గురించి అడిగితే హాల్డేన్ దాకా వెళ్లారు. సరే, నేను అడిగింది "దేనికి" అని. దానికి జవాబు రాలేదు.

బరంపురం బట్టలకొట్టు · నవంబర్ 9, రాత్రి 9:50

జవాబు నేను చెప్తా. పిల్లకి ఉద్యోగం కోసం. అదొక్కటే అయితే పిల్ల ఒక్కదానికే పెట్టేవాళ్లం. ఇవాళ కొట్టు మూసేటప్పుడు ఆయన్నే అడిగాను. "పిల్ల ఒక దేశం, నేనొక దేశం అయితే రేషన్ కాగితం మీద ఒకే ఇల్లు ఎలా రాస్తారు బాబూ" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

ఇక అసలు తలనొప్పి. ఆయన ఇక్కడ ఉన్నట్టు రుజువు ఏదీ అని అడిగితే ట్రంకుపెట్టె తెచ్చి చూపించాడు. అందులో నెల పుస్తకాలు. మీ వీధుల్లో కూడా ఉండే ఉంటాయి: బైండు పుస్తకం, ఒక్కో కొట్టుకి ఒక్కో గీత, నెలకింత అని డబ్బు ఇచ్చి పక్కన సంతకం. మొదట్లో పది రూపాయలు, ఇప్పుడు వంద. "10 ముట్టింది" అని నాన్న చేత్తో రాసిన తెలుగు, పక్క కొట్టు సాహు గారి ఒడియా, చివరి కొట్టు మార్వాడీ హిందీ. ప్రతి నెలా ముప్పై పైగా సంతకాలు. ఇంతకంటే రుజువు ఏం కావాలి అనుకున్నా. కానీ 2013 అక్టోబర్ ముందువి ముద్దైపోయాయి. ఫైలిన్ తుఫాను రాత్రి వాళ్ల గదిలో మోకాల్లోతు నీళ్లు. సిరా కారిపోయి పేజీలు అట్టకట్టాయి. ఒకటి విడదీయబోతే పొట్టులా రాలింది.

గుణుపురం గుమస్తా · నవంబర్ 10, ఉదయం 7:25

బ్యాంకులో ముప్పై మూడేళ్లు లెక్కలు చేసినవాణ్ని, ఒకసారి కూడనివ్వండి.

దరఖాస్తు ఈ నవంబర్లో పెడితే: 2024 నవంబర్ నుంచి 2025 నవంబర్ వరకు 12 నెలలు. దానికి ముందు 14 ఏళ్లు అంటే 2010 నవంబర్ నుంచి 2024 నవంబర్ వరకు. మీ దగ్గర బాగున్న పుస్తకాలు 2013 నవంబర్ నుంచి. 2013 నవంబర్ నుంచి 2024 నవంబర్‌కి సరిగ్గా 11 ఏళ్లు. ఒక్క రోజు కూడా మిగులు లేదు. మధ్యలో ఊరికి వెళ్లలేదా ఆయన?

బరంపురం బట్టలకొట్టు · నవంబర్ 10, ఉదయం 8:10

వెళ్లాడండీ. దసరాలకి రెండేళ్లకోసారి, వెళితే నెలా నెలన్నర. అయిదుసార్లు. తల్లి పోయినప్పుడు ఇంకో నెల. నెల పుస్తకంలోనే ఆ నెలల్లో గీతలు ఖాళీ, పైన ఎర్రసిరాతో "ఘర్" అని ఉంది. ఆయనే రాసుకున్నాడు, ఎవరి దగ్గరా రెండుసార్లు వసూలు చేయకూడదని.

మల్కనగిరి మెడికల్స్ · నవంబర్ 10, ఉదయం 8:31

నేపాల్ బోర్డర్లో పాస్‌పోర్టు మీద ముద్ర పడదు కదా. వెళ్లినట్టు ఎవడికి తెలుస్తుంది? ఆ ఎర్రసిరా పేజీలు జిరాక్సు తీయకండి, అంతే.

చత్రపురం ప్లీడర్ · నవంబర్ 10, ఉదయం 10:00

ఈ సలహా ఎవరూ పాటించకండి. పౌరసత్వం కోసం తెలిసి తెలిసి తప్పు చెబితే సెక్షన్ 17 కింద అయిదేళ్ల దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఒకవేళ పౌరసత్వం వచ్చాక బయటపడితే, మోసంతో పొందారని సెక్షన్ 10 కింద తీసేస్తారు. అప్పటికి నేపాల్‌ది కూడా వదిలేసి ఉంటాడు. ఏ దేశమూ లేకుండా నడివీధిలో నిలబడతాడు.

పైగా నా అనుభవంలో ఖాళీ నెలలున్న పుస్తకాన్నే నమ్ముతారు. పన్నెండేళ్లు ఒక్క నెల తప్పకుండా సంతకాలుంటే రాత్రికి రాత్రి కూర్చుని రాయించారంటారు.

ఇంకోటి, చివరి 12 నెలల్లో ఎప్పుడైనా వెళ్లాడా? ఆ ఏడాది తెగకుండా ఉండాలి. ప్రత్యేక కారణాలుంటే కేంద్రం 30 రోజుల వరకు సడలించవచ్చని 2015 సవరణలో పెట్టారు. అది వాళ్ల దయ, మన హక్కు కాదు.

బరంపురం బట్టలకొట్టు · నవంబర్ 10, ఉదయం 10:20

పోయిన ఏడాది దసరాకి వెళ్లి వచ్చాక ఎక్కడికీ కదల్లేదు. ఈ ఏడాది క్లియర్.

గుణుపురం గుమస్తా · నవంబర్ 10, ఉదయం 11:45

అయితే పుస్తకాల లెక్క ప్రకారం తక్కువ పడింది దాదాపు ఎనిమిది నెలలు. రెండు దారులు. ఒకటి, 2010 నుంచి 2013 మధ్య ఇంకో రుజువు వెతకడం. రెండు, ఇంకో ఏడాది ఆగడం. వచ్చే నవంబర్‌కి పుస్తకాల్లోనే 12 ఏళ్లు అవుతాయి, ఊరెళ్లిన నెలలు తీసేసినా 11 దాటుతుంది.

మొదటి దారి గురించి: ఆయన ఇంటికి డబ్బు ఎలా పంపేవాడు? 2008 నుంచి ఇండియా నుంచి నేపాల్‌కి బ్యాంకు ద్వారా పంపే పద్ధతి ఉంది, ఖాతా లేనివాళ్లు కూడా పంపేవాళ్లు. నా కౌంటరు ముందే ఎంతమంది నిలబడేవాళ్లో. ఆ రసీదులు గానీ, పాస్‌బుక్కు గానీ దొరికితే నెలనెలా మనిషి బరంపురంలో ఉన్నట్టే. తుఫాను ఆయన ట్రంకుపెట్టెని ముంచింది గానీ బ్యాంకు లెక్కల్ని ముంచలేదు. రాతపూర్వకంగా అడగండి.

మొహన మొక్కజొన్న · నవంబర్ 10, సాయంత్రం 5:30

సందర్భం కాకపోయినా ఒకటి. నేను మా మొహన దగ్గర చంద్రగిరిలో ఉండే టిబెటన్ల దగ్గర ఏటా మొక్కజొన్న కొంటాను. 1963 నుంచి ఉన్నారు వాళ్లు. అక్కడ ఒక తాత కొడుకు 1979లో పుట్టాడు. పైన ప్లీడర్ గారు చెప్పిన 1987 రూలు వాడికి వర్తించాలి కదా?

చత్రపురం ప్లీడర్ · నవంబర్ 10, సాయంత్రం 6:15

వర్తిస్తుంది. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1కి ముందు వరకు ఇక్కడ పుట్టిన టిబెటన్లు జన్మతః పౌరులే. ఢిల్లీ హైకోర్టు 2010లో ఒక టిబెటన్ అమ్మాయి పాస్‌పోర్టు కేసులో అదే చెప్పింది. 2014లో ఎన్నికల సంఘం వాళ్లని ఓటర్లుగా చేర్చుకోమంది. ఆయన దరఖాస్తు పెట్టి పౌరసత్వం "అడగక్కర్లేదు", ఉన్నదాన్ని చూపించుకోవాలి. రెండింటికీ చాలా తేడా. ఆ తాతకి మాత్రం అది వర్తించదు.

సిరొంచ గోదారి · నవంబర్ 10, రాత్రి 8:44

మహారాష్ట్ర వైపు నుంచి నాదొక ప్రశ్న. అడగటానికి మొహమాటంగా ఉంది. మా దగ్గర ఒక నేపాలీ వంటమనిషికి ఓటరు కార్డు ఉంది. అది ఉంటే పౌరుడైనట్టే కదా? మళ్లీ ఇదంతా ఎందుకు?

చత్రపురం ప్లీడర్ · నవంబర్ 10, రాత్రి 9:20

కాదు. ఓటరు కార్డు ఉన్నంత మాత్రాన పౌరుడు కాడు. ఆధార్ అసలే కాదు, ఆధార్ చట్టమే ఆ మాట చెబుతుంది. ఓటరు కార్డు తీసుకునేటప్పుడు "నేను భారత పౌరుణ్ని" అని సంతకం పెట్టి ఉంటాడు. అది తప్పుడు ప్రకటన, ప్రజాప్రాతినిధ్య చట్టం 1950 కింద నేరం. ఆ కార్డు జతచేసి పౌరసత్వం అడిగితే మన చేత్తో మనమే కేసు రాసిచ్చినట్టు.

బరంపురం బట్టలకొట్టు · నవంబర్ 10, రాత్రి 11:38

ఇది చదివి నిద్ర పట్టడం లేదు. దాచి లాభం లేదు, చెప్తున్నా. మా గూర్ఖాకి కూడా ఉంది. 2009లో ఎన్నికల ముందు వార్డులో తిరిగే ఒకాయన ఫొటో తీయించి, ఫారం తనే నింపి, వేలిముద్ర వేయించుకుని వెళ్లాడు. కార్డు ఇంటికొచ్చింది. ఈయనకి అదేదో గౌరవం లాగా అనిపించి రెండుసార్లు ఓటు కూడా వేశాడు. ఇప్పుడేం చేయాలి?

చత్రపురం ప్లీడర్ · నవంబర్ 11, ఉదయం 7:05

ఇది బహిరంగంగా రాసే సంగతి కాదు. ఆయన్ని తీసుకుని ఎవరైనా క్రిమినల్ లాయరు దగ్గర కూర్చోండి, నేనే కానక్కర్లేదు. పేరు తీసేయమని ఫారం 7 వేయవచ్చు. ఎప్పుడు, ఎలా వేయాలి అన్నది అన్నీ విన్నాక చెప్పాల్సిన మాట. ఒక్కటి మాత్రం ఖాయం: పౌరసత్వం ఫారంలో దీన్ని దాచే పని వద్దు. పోలీసు విచారణలో ఓటరు జాబితా చూడటం చాలా చిన్న పని.

ఇంకోటి కూడా ఇప్పుడే చెప్పాలి. సెక్షన్ 14 ప్రకారం ఇవ్వడం, ఇవ్వకపోవడం ప్రభుత్వం ఇష్టం. ఎందుకు ఇవ్వలేదో చెప్పక్కర్లేదు. షరతులన్నీ ఉన్నాయి కాబట్టి వచ్చి తీరాలి అనుకోవద్దు. పిల్ల దరఖాస్తు, తండ్రి దరఖాస్తు వేర్వేరుగానే నడుస్తాయి. పిల్లకి నర్సరీ నుంచి నర్సింగ్ దాకా స్కూలు కాగితాలున్నాయి కాబట్టి ఆమెది ఆపకండి.

జయపురం జంక్షన్ · నవంబర్ 11, ఉదయం 9:12

మొన్న నేను కొంచెం గట్టిగా అన్నాను. ఆ పిల్లకి ఒక సమాచారం: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు చాలావాటికి నేపాల్ పౌరులు కూడా అర్హులు, ఎంపికైతే అర్హతా సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. నోటిఫికేషన్‌లో "జాతీయత" అన్న పేరా పూర్తిగా చదవమనండి. మా రైల్వే కోచింగ్‌లో ఒక నేపాలీ కుర్రాడు అలాగే రాశాడు. పౌరసత్వం వచ్చేదాకా ఖాళీగా కూర్చోవడం ఎందుకు.

బరంపురం బట్టలకొట్టు · నవంబర్ 11, ఉదయం 9:30

జంక్షన్ గారూ, ఈ ఒక్క మాటకే మొన్నటిదంతా మాఫీ.

బరంపురం బట్టలకొట్టు · డిసెంబర్ 14, రాత్రి 10:05

అడిగినవాళ్ల కోసం అప్‌డేట్.

పిల్లది ఆన్‌లైన్‌లో పెట్టాం. పదహారు నిండాక ఊరెళ్లి నేపాల్ "నాగరికత" (అంటే అక్కడి పౌరసత్వం) కార్డు తెచ్చుకుని ఉండటం మంచిదైంది, ఏ దేశమన్న చోట సూటిగా రాయగలిగాం. నడవడి అఫిడవిట్లు ఒకటి నాది, ఒకటి సాహు గారిది. పేపరు ప్రకటన రెండుసార్లు వేయించాం. మొదటిసారి ఇంటిపేరు అచ్చుతప్పు పడింది, మళ్లీ డబ్బు కట్టి వేయించాల్సి వచ్చింది. ప్రూఫు మీరే చూసుకోండి, వాళ్ల మీద వదలకండి. చత్రపురంలో కాగితాలు తీసుకున్నారు. తిప్పించారు గానీ రెండోసారికి తీసుకున్నారు. నేపాల్ పౌరసత్వం ఇప్పుడే వదలక్కర్లేదట. ఢిల్లీ ఒప్పుకున్నట్టు ఉత్తరం వచ్చాక వదిలి, ఆ రుజువు పంపితే అప్పుడు సర్టిఫికెట్. ఈ వరస తెలియక ముందే వదిలేసి ఇరుక్కునేవాళ్లం.

తండ్రిది వచ్చే ఏడాదికి వాయిదా వేశాం. లాయరు దగ్గర కూర్చున్నాం, ఓటరు కార్డు విషయం ఆయన చెప్పినట్టు నడుస్తోంది, అంతకంటే ఇక్కడ రాయను. గుమస్తా గారు చెప్పినట్టు బ్యాంకులో అర్జీ పెట్టాం. 2011, 2012లో పంపిన డబ్బు ఎంట్రీలు ఇరవై రెండు దొరికాయి.

గుణుపురం గుమస్తా · డిసెంబర్ 15, ఉదయం 6:50

ఇరవై రెండు! శభాష్. బ్యాంకు ముద్ర వేయించి తీసుకోండి. నెల పుస్తకాలకి లామినేషన్ మాత్రం చేయించకండి, సంతకం అసలుదో కాదో చూడటానికి కాగితం కాగితంలాగే ఉండాలి. తెలుగు, ఒడియా రాతలకి అనువాదం చేయించి నోటరీ పెట్టించండి.

పర్లాకిమిడి మాస్టారు · డిసెంబర్ 15, ఉదయం 7:30

తెలుగు నుంచి అనువాదం నేను చేసి పెడతాను, డబ్బు వద్దు. "ముట్టింది" అన్న మాటని ఇంగ్లీషులో ఎలా పెట్టాలా అని ఇప్పటి నుంచే ఆలోచిస్తున్నాను.

బరంపురం బట్టలకొట్టు · డిసెంబర్ 15, రాత్రి 10:20

మాస్టారూ, పుస్తకాలు స్కాన్ చేసి పంపుతా. ఈ నెల వసూలుకి వచ్చినప్పుడు నేను ఎప్పటిలా పొడి సంతకం గీకబోతే చెయ్యి పట్టుకున్నాడు. పూర్తి పేరు, కొట్టు పేరు, తేదీ రాయమన్నాడు. వీధంతా అలాగే రాయిస్తున్నాడు. చివరి కొట్టు మార్వాడీ విసుక్కుంటున్నాడు, ఒక్కో గీతలో అంత పట్టదని. రేపు వెడల్పు పుస్తకం కొనిస్తా.